మా తమ్ముడిది గుణమా, జబ్బా? 19 ఏళ్ల కుర్రాడి దుడుకుతనం, గంజాయి గురించి

కాకినాడ అక్క (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఇంట్లో అందరూ పడుకున్నాక ఇది రాస్తున్నాను. ఎవరితో చెప్పుకోవాలో తెలియడం లేదు.

మాది కాకినాడ. నాన్నగారు లేత్ మిషన్ మీద పని చేస్తారు. అమ్మ ఇంట్లో జాకెట్లు కుడుతుంది. నేను ఒక ల్యాబులో టెక్నీషియన్‌ని. తమ్ముడికి 19 ఏళ్లు. పాలిటెక్నిక్ రెండో సంవత్సరంలో 5 సబ్జెక్టులు మిగిలిపోయాయి, ఇప్పుడు కాలేజీకి వెళ్లడం లేదు. గంజాయి అలవాటై రెండేళ్లు. స్నేహితులతో బీరు తాగుతాడు. మొన్న ప్యాంటు ఉతకబోతే జేబులో నిద్రమాత్రల ఖాళీ అట్ట కూడా దొరికింది.

పోయిన నెలలో రెండు జరిగాయి. దసరా జాకెట్ల కోసం ఆడవాళ్లు ఇచ్చిన అడ్వాన్సు 6,200 రూపాయలు అమ్మ బిస్కెట్ల డబ్బాలో దాచింది. అవి పోయాయి. ముందు తనకేమీ తెలియదన్నాడు, రెండు రోజులకు ఒప్పుకున్నాడు. ఆ తరువాతి వారం, మా వీధి చివర కూల్‌డ్రింకుల కొట్టు ఆయన 340 రూపాయల బాకీ అడిగితే అందరి ముందు చెంప మీద కొట్టాడు. ఆయనది నాన్నగారి వయసు. ఆ రాత్రి నా మంచం పక్కన కూర్చుని గంటసేపు ఏడ్చాడు. "అక్కా, కొట్టాలని అనుకోలేదు. చెయ్యి పడిన తరువాతే నాకు తెలిసింది" అన్నాడు. నేను నమ్మాను. కానీ నాలుగు రోజులకే మళ్లీ డబ్బు కోసం అమ్మ మీద అరిచాడు. వీధిలోవాళ్లు వింటారని అమ్మ ఐదు వందలు ఇచ్చేసింది.

చిన్నప్పటి నుంచీ ఒకచోట కూర్చునేవాడు కాదు. మూడో తరగతిలో టీచరు అమ్మను మూడుసార్లు పిలిపించారు, బెంచీ మీద నిలవడని. ప్రశ్న పూర్తి కాకముందే జవాబు చెప్పేవాడు, గోడ మీద నుంచి దూకి రెండుసార్లు చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. కానీ ఎవరినీ ఏడిపించలేదు, ఎవరి వస్తువూ తీయలేదు. వానాకాలం వీధికుక్క పిల్లలకు మా మెట్ల కింద గోనెసంచి పరిచేవాడు. ఇదంతా కాలేజీలో చేరాక, 16 దాటాక మొదలైంది.

నాన్నగారు "వీడు పుట్టుకతోనే అంతే" అంటారు. అమ్మ జాతకం అంటుంది. ఒక ప్రైవేటు కేంద్రం మనిషి ఇంటికి వచ్చి, రాత్రిపూట వ్యానులో తీసుకెళ్తామని, ఆరు నెలలు ఉంచుతామని, మొదటి రెండు నెలలు మేము చూడటానికి వీల్లేదని చెప్పాడు. నాన్నగారు దాదాపు ఒప్పుకున్నారు. నేను ఇంటర్నెట్టులో వెతికితే "యాంటీసోషల్ పర్సనాలిటీ", అంటే సంఘానికి ఎదురు తిరిగే స్వభావం, అని కనిపించింది. ఆ జాబితాలో సగం మావాడికి సరిపోతున్నాయి. చేతులు చల్లబడిపోయాయి.

ఇది గుణమా, జబ్బా? ఇలాంటివాళ్లు మారడం మీలో ఎవరైనా చూశారా?

విశాఖ కౌన్సెలర్

అమ్మా, మీరు రాసినది రెండుసార్లు చదివాను. ప్రభుత్వ ఆసుపత్రుల మానసిక వైద్య విభాగాల్లో 31 ఏళ్లు సోషల్ వర్కరుగా పనిచేసి రిటైరయ్యాను. మందులు రాసేది డాక్టర్లు. ఇంటివాళ్లను కూర్చోబెట్టి, మొదటి నుంచీ ఏం జరిగిందో అడిగి రాసుకోవడం మా పని. కాబట్టి నేను చెప్పగలిగింది ఆ వైపు నుంచే. మీ తమ్ముడిని చూడకుండా అతనికి ఏ జబ్బు పేరూ పెట్టను.

ముందు మిమ్మల్ని భయపెట్టిన ఆ పేరు సంగతి. ఆ నిర్ధారణ చేయాలంటే వయసు 18 నిండితే చాలదు. 15 ఏళ్లలోపే ఆ ధోరణి కనిపించి ఉండాలి. తోటిపిల్లలను బెదిరించి లాక్కోవడం, మూగజీవాలను హింసించడం, కావాలని నిప్పు పెట్టడం, పదే పదే దొంగతనాలు, ఇల్లు వదిలి పారిపోవడం, ఇలాంటివి. 15 ఏళ్లలోపు మీ తమ్ముడు చేసిందేమిటి? బెంచీ మీద కూర్చోలేదు, కుక్కపిల్లలకు గోనెసంచి పరిచాడు. ఇంటర్నెట్టు జాబితాలో ఇప్పటి పనులు మాత్రమే సరిపోల్చుకున్నారు మీరు. ఎప్పుడు మొదలైంది అన్నది అంతకంటే ముఖ్యం.

అమెరికాలో లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు, చిన్నతనంలో సెయింట్ లూయిస్ నగరంలోని ఒక పిల్లల క్లినిక్కుకు వచ్చిన 500 మందికి పైగా మనుషులు 30 ఏళ్ల తరువాత ఏమయ్యారో వెతికి చూసి 1966లో పుస్తకం వేశారు. పెద్దయ్యాక సంఘానికి ఎదురు తిరిగి బతికినవాళ్లలో దాదాపు అందరూ చిన్నప్పుడూ అలాగే ఉన్నారు. కానీ చిన్నప్పుడు అలా ఉన్న పిల్లల్లో ఎక్కువమంది పెద్దయ్యాక అలా లేరు. ఈ రెండో వాక్యం మీ నాన్నగారికి చదివి వినిపించండి. "పుట్టుకతోనే అంతే" అన్న మాట మీద నాకు కోపం. ఆ మాట విన్న పిల్లవాడు ఇక ప్రయత్నం ఎందుకని వదిలేయడం మా గదిలో చాలాసార్లు చూశాను.

ఇంకొకటి న్యూజిలాండ్‌ది. డునెడిన్ ఊళ్లో 1972–73లో పుట్టిన 1,037 మంది పిల్లలను ఇప్పటికీ వెంబడిస్తూ చూస్తున్నారు. ఆ బృందంలోని టెరీ మాఫిట్ 1993లో ఒక మాట తేల్చి చెప్పారు. దారి తప్పే కుర్రాళ్లలో రెండు రకాలు ఉంటారు. కొద్దిమంది మూడేళ్ల, ఐదేళ్ల వయసు నుంచే కొట్టడం, కరవడం మొదలుపెట్టి జీవితమంతా అదే దారిలో పోతారు. డునెడిన్ మగపిల్లల్లో వీళ్లు నూటికి పది మంది. అంతకు రెట్టింపు కంటే ఎక్కువమంది యవ్వనంలో మాత్రమే గాడి తప్పుతారు. ఒళ్లు పెద్దవాళ్లది, జేబు చిన్నపిల్లలది. పెద్దవాళ్లమయ్యామని చూపించుకోవడానికి దొరికిన దగ్గరి దారి తాగడం, తెగించడం, ఎదురు తిరగడం. ఉద్యోగం, బాధ్యత వచ్చాక వీళ్లలో ఎక్కువమంది వెనక్కి వస్తారు.

అయితే ఊరికే రారు. రానివ్వని వాటికి మాఫిట్ ఉచ్చులని పేరు పెట్టారు. చదువు మధ్యలో ఆగిపోవడం, పోలీసు కేసు, మత్తుకు బానిస కావడం. కుర్రాడి దుడుకు తగ్గే వయసు వచ్చేసరికి ఈ మూడింట్లో ఏదో ఒకటి కాలికి బిగుసుకుని ఉంటుంది. అదే ఊరివాళ్లు 26 ఏళ్లకు వచ్చినప్పుడు చూస్తే, యవ్వనంలో మాత్రమే దారి తప్పినవాళ్లలో కూడా మత్తు అలవాటు, డబ్బు ఇబ్బందులు ఇంకా మిగిలి ఉన్నాయి. మీ తమ్ముడి కాళ్ల దగ్గర మూడు ఉచ్చులూ పరిచి ఉన్నాయి. అందుకే "వయసు వస్తే వాడే మారతాడు" అని నేను మీకు చెప్పను.

ఇక "చెయ్యి పడిన తరువాతే తెలిసింది" అన్నది. ఇది అబద్ధం కాకపోవచ్చు. కోరికను, ఉత్సాహాన్ని రగిలించే మెదడు భాగాలు పదమూడు పద్నాలుగేళ్లకే జోరందుకుంటాయి. ఆగి ఆలోచించే నుదుటి వెనక భాగం పూర్తిగా కుదురుకునేసరికి 25 ఏళ్ల దాకా పడుతుంది. పైగా స్నేహితులు పక్కన ఉంటే ఈ తేడా ఇంకా పెరుగుతుంది. 2005లో అమెరికా పరిశోధకులు కారు నడిపే కంప్యూటర్ ఆట ఒకటి ఆడించారు. ఒంటరిగా ఆడినప్పటి కంటే స్నేహితులు చూస్తుండగా కుర్రాళ్లు చాలా ఎక్కువ తెగించారు. 24 ఏళ్లు దాటిన పెద్దవాళ్లలో ఆ తేడా కనబడలేదు. కొట్టు దగ్గర ఆ రోజు మీ తమ్ముడి వెనక ఎవరెవరు నిలబడి ఉన్నారో అడిగి చూడండి.

గంజాయి మానినా, దొరకకపోయినా మొదటి వారం పది రోజులు చిరాకు, నిద్రలేమి, ఆకలి లేకపోవడం గట్టిగానే ఉంటాయి. ఒకటి రెండు వారాల్లో తగ్గుతాయి. ఆ రోజుల్లో జరిగే గొడవను "వీడి అసలు రంగు బయటపడింది" అనుకోకండి.

అమ్మగారి గురించి ఒక మాట, నొచ్చుకోవద్దు. వాడు అరుస్తాడు, ఆమె వద్దంటుంది, వాడు ఇంకా అరుస్తాడు, వీధిలోవాళ్లు వింటారని ఆమె ఐదు వందలు ఇస్తుంది, ఇల్లు నిశ్శబ్దమవుతుంది. అరిస్తే డబ్బు వస్తుందని వాడు నేర్చుకున్నాడు. ఇస్తే అరుపు ఆగుతుందని ఆమె నేర్చుకుంది. అమెరికాలోని ఒరెగాన్‌లో జెరాల్డ్ ప్యాటర్సన్ అనే మనస్తత్వవేత్త ఇళ్లకే వెళ్లి గమనించి, ఈ చక్రాన్నే ఏళ్ల తరబడి వివరించారు. ఇందులో దుర్మార్గులు ఎవరూ లేరు, ఇద్దరూ అలసిపోయినవాళ్లే. డబ్బు ఇవ్వకపోవడం మొదలుపెట్టిన వారంలో అరుపు పెరుగుతుంది. అప్పుడు లొంగితే మరీ గట్టిగా అరవాలని నేర్పినట్టు అవుతుంది. కాబట్టి మొదలుపెట్టే ముందే ముగ్గురూ ఒక మాట మీదికి రండి. చెయ్యి చేసుకునే ప్రమాదం ఉందనిపిస్తే వాదించకుండా పక్కింటికి వెళ్లిపోండి.

మాట్లాడేది మత్తులో లేనప్పుడు, ఉదయం పూట. తాగకుండా ఇంటికి వచ్చిన సాయంత్రం, దాన్ని చూసినట్టు అతనికి తెలియాలి. ఇష్టమైన కూర చేయడమో, కాసేపు పక్కన కూర్చోవడమో చాలు. మత్తులో వచ్చిన రోజు తిట్టవద్దు, సేవ చేయవద్దు, అన్నం మూతపెట్టి ఉంచి పడుకోండి. చిన్నమాటలా ఉంది కదా? ఇంటివాళ్లకు ఇది పద్ధతి ప్రకారం నేర్పి, ఫలితాన్ని 1999లో ప్రచురించారు. ఇలా నేర్చుకున్న ఇళ్లలో, చికిత్స వద్దని మొండికేసిన తాగుబోతుల్లో నూటికి 64 మంది వైద్యానికి వచ్చారు. అందరూ చుట్టుముట్టి నిలదీసే పద్ధతిలో వచ్చినవాళ్లు 30 మంది.

బెంచీ మీద కూర్చోలేకపోవడం, ప్రశ్న పూర్తికాక ముందే జవాబు, గోడ దూకడం, ఇవన్నీ మానసిక వైద్యుడికి తప్పక చెప్పండి. ఏడీహెచ్‌డీ (శ్రద్ధ, కుదురు నిలవకపోవడం) అనే సమస్య చిన్నప్పుడే ఉండి ఎవరూ గుర్తించకపోతే, పెద్దయ్యాక మత్తు వైపు మళ్లే అవకాశం ఎక్కువ. దానికి వైద్యం ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవ టెలి మానస్ 14416కు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

వ్యాను సంగతి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మత్తు వల్ల వచ్చే మానసిక సమస్యలకూ వర్తిస్తుంది. అలాంటి కేంద్రానికి రిజిస్ట్రేషన్ ఉండాలి. గొలుసులతో కట్టడం నిషేధం. ఇంటివాళ్లతో మాట్లాడటం, రాకపోకలు రోగి హక్కు. ఆ మనిషిని రిజిస్ట్రేషన్ కాగితం చూపించమనండి, ఏ డాక్టరు రోజూ చూస్తాడో అడగండి. రాత్రిపూట ఎత్తుకుపోయిన పిల్లవాడు ఆరు నెలల తరువాత ఇంట్లో ఎవరినీ నమ్మడు. ఆ నమ్మకం తిరిగి కట్టడానికి నేను పడ్డ పాట్లు నాకు తెలుసు.

బోధన్ మేస్త్రి

అక్కా, నేను తాపీమేస్త్రిని. పెద్ద చదువు లేదు. మీరు ఒక వాక్యంలో చెప్పి వదిలేసిన విషయం గురించి రాస్తున్నాను. ఆ నిద్రమాత్రల అట్ట.

మా నిజామాబాద్ వైపు కల్లులో అల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ అనే నిద్రమందులు కలిపి అమ్మేవారు. చెట్టు కల్లు కాదు అది, మందు నీళ్లు. నేను కల్లు తాగుతున్నాననే అనుకునేవాడిని. రోజుకు ఐదారు సీసాలు, పదకొండేళ్లు. 2015 సెప్టెంబరులో ప్రభుత్వం కల్తీ కల్లు మీద దాడులు చేసింది. ఒక్కసారిగా మందు లేని కల్లు వచ్చింది. రెండో రోజుకు తాపీ పట్టుకోలేకపోయాను, చేతులు అలా వణికాయి. మూడో రోజు గోడ మీద ఎర్రచీమలు బారులు తీరి కనబడ్డాయి. మా ఆవిడ గోడ తడిమి చూపించింది, అక్కడ ఏమీ లేదు. ఆ రాత్రి ఫిట్స్. ఆమె నా గుప్పిట్లో తాళాలగుత్తి పెట్టి ఆటో పిలిచింది. ఆసుపత్రిలో నాలాంటివాళ్లు వరండాలో కూడా పడుకుని ఉన్నారు. మంచానికి కట్టినవాళ్లు, ఎవరితోనో మాట్లాడుతున్నవాళ్లు, మా ఊరి బడి ఆయా కూడా.

డాక్టరు నాకు అలాంటి మాత్రనే ఇచ్చి, లెక్కపెట్టి, వారానికి కొంచెం చొప్పున తగ్గించుకుంటూ వచ్చాడు. రెండు నెలలు పైగా పట్టింది. అందుకని చెబుతున్నాను. మీ తమ్ముడు ఆ మాత్రలు రోజూ వేసుకుంటున్నాడేమో ముందు కనుక్కోండి. రోజూ అయితే గదిలో పెట్టి తాళం వేయడం, వ్యానులో తీసుకెళ్లి ఒక్కసారిగా మాన్పించడం ప్రాణం మీదికి వస్తుంది. మద్యం ఎక్కువగా తాగేవాళ్లకూ అంతే.

గుణమా, జబ్బా అని అడిగారు. లోపలి నుంచి ఎలా ఉంటుందో చెబుతాను. శనివారం సాయంత్రం 5 గంటలకు కూలి చేతిలో పడేది. పొద్దున సిమెంటు కలిపేటప్పుడు పాప బడి ఫీజు గుర్తుండేది, అది కట్టాలని నిజంగానే అనుకునేవాడిని. 5 గంటలకు ఆ ఫీజు ఎక్కడో కొండ అవతల ఉన్నట్టు ఉండేది. దుకాణం మాత్రం కళ్ల ముందు. ఫీజు మరిచిపోయానని కాదు. గుర్తుంది, కానీ దానికి బరువు లేదు. ఆసుపత్రిలో కౌన్సెలర్ నన్నొకటి అడిగాడు: ఇప్పుడు ఐదు వందలు తీసుకుంటావా, నెల ఆగి వెయ్యి తీసుకుంటావా? ఇప్పుడే అన్నాను. మత్తు అలవాటున్నవాళ్లు దాదాపు అందరూ అలాగే అంటారని, దాని మీద చాలా పరిశోధనలు ఉన్నాయని చెప్పాడు.

ఇక నన్ను నేను ఆపుకోగలనని నమ్మడం మానేశాను. మేస్త్రిని మార్చి ఆర్మూరు వైపు పనికి వెళ్లడం మొదలుపెట్టాను. కొత్త దారిలో దుకాణం లేదు. శనివారం 4 గంటలకే మా ఆవిడ పని దగ్గరికి వచ్చి కూలి తీసుకునేది. పక్కవాళ్లు నవ్వారు, నవ్వనిచ్చాను. సాయంత్రం 5 నుంచి 7 వరకు మా బావమరిది సైకిల్ షాపులో కూర్చునేవాడిని, పంక్చర్లు వేయడం నేర్చుకున్నాను. ఆ రెండు గంటలు గడిస్తే ఆ రోజు గడిచినట్టే.

ఆ పదకొండేళ్లలో మా ఆవిడను కొట్టాను. దానికి మాత్ర కారణమని ఆమెతో ఎప్పుడూ అనలేదు.

గుంటూరు కిరాణా

ఇంతమంది ఇంత ఓపికగా రాశారు. మెదడు, వయసు, న్యూజిలాండ్, అమెరికా, అన్నీ చదివాను. 340 రూపాయలు అడిగి చెంపదెబ్బ తిన్న ఆ పెద్దమనిషి ఎలా ఉన్నాడని ఒక్కరు కూడా అడగలేదు.

మాది కిరాణా కొట్టు. 2022లో రాత్రి తొమ్మిదిన్నరకు నలుగురు కుర్రాళ్లు వచ్చి సిగరెట్లు అప్పు అడిగారు. మా ఆయన లేదన్నారు. సోడా సీసాతో కొట్టారు. ముంజేతికి పదకొండు కుట్లు, రెండు వేళ్లు ఇప్పటికీ పూర్తిగా ముడుచుకోవు. తక్కెడలో సరుకు పోసేది నేనే ఇప్పుడు. ఆ కుర్రాళ్లలో ఒకడి తల్లి నాకు తెలుసు, గుడిలో కనబడేది. ఒక్కరోజైనా మా ఇంటి గడప తొక్కలేదు. ఇప్పుడు నన్ను చూస్తే ఇంకో ద్వారం నుంచి వెళ్లిపోతుంది.

మీ తమ్ముడు రాత్రి మీ మంచం పక్కన ఏడ్చాడు. ఆయన దగ్గరికి వెళ్లి ఏడ్చాడా? నుదుటి వెనక భాగం 25 ఏళ్లకు గానీ పండదంటే, అప్పటిదాకా కొట్టు పెట్టుకున్నవాళ్లందరం చెంపలు అప్పగించి కూర్చోవాలా? మిమ్మల్ని నొప్పించాలని కాదమ్మా. కానీ ఇది కూడా ఎవరో ఒకరు రాయాలి.

కాకినాడ అక్క

మీరన్నది నిజం. నేను అడగలేదు. ఆ రోజు నుంచి ఆ కొట్టు మీదుగా వెళ్లకుండా పక్క సందులోంచి డ్యూటీకి వెళ్తున్నాను. మీరు గుడి గురించి రాసిన వాక్యం చదివాక అది నాకు అర్థమైంది. రేపు నేనే వెళ్తాను.

మేస్త్రిగారూ, అట్ట మీద పేరు మళ్లీ చూశాను. అల్ప్రాజోలమే. మీరు చెప్పకపోతే దాన్ని పట్టించుకునేదాన్ని కాదు.

విశాఖ కౌన్సెలర్

గుంటూరు అమ్మా, మీరు కోప్పడటం న్యాయం. నేను ఆయన గురించి అడగకపోవడం తప్పే. మా వృత్తిలో ఇది ఒక అలవాటుగా మారిపోతుంది. ఎదురుగా కూర్చున్న కుటుంబం బాధే కనబడుతుంది, గోడ అవతలి కుటుంబం కనబడదు.

కారణాలు వెతికేది ఇంకోసారి జరగకుండా చూడటానికే. జరిగినదాని లెక్క దాంతో తీరిపోదు. నా అనుభవంలో బాగుపడినవాళ్లెవరూ "నాది జబ్బు, నేనేం చేయను" అన్నవాళ్లు కారు. పైన మేస్త్రిగారి చివరి వాక్యం చూడండి. అలాగని జైలుకు పంపితే బుద్ధి వస్తుందన్న నమ్మకం కూడా నాకు లేదు. మొదటిసారి లోపలికి వెళ్లిన కుర్రాడికి అక్కడ దొరికే స్నేహాలు ఏమిటో చూశాను. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలో ఇప్పుడు 64ఏ అనే సెక్షన్ ఉంది. వాడటం వరకో, తక్కువ పరిమాణం దొరకడం వరకో అయితే, స్వచ్ఛందంగా గుర్తింపు ఉన్న చోట చికిత్సకు వెళ్లినవాడి మీద విచారణ నుంచి మినహాయింపు ఇస్తుంది. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ మినహాయింపు పోవచ్చు. కొట్టినదానికి, దొంగిలించినదానికి అది వర్తించదు. అది న్యాయమే.

మేస్త్రిగారు దారి మార్చుకున్నానన్నారు కదా. వియత్నాం యుద్ధంలో అమెరికా సైనికుల్లో దాదాపు ఐదోవంతు మంది అక్కడ హెరాయిన్‌కు బానిసలయ్యారు. 1971లో తిరిగివచ్చిన వాళ్లను ఇందాక చెప్పిన లీ రాబిన్సే గమనించారు. అక్కడ బానిసలైనవాళ్లలో ఇంటికి వచ్చిన మొదటి ఏడాదిలో మళ్లీ బానిసలైంది నూటికి ఐదుగురే. ఎవరూ మొదట నమ్మలేదు. ఆ మనుషులే, ఆ మెదళ్లే. మారింది చోటు, చుట్టూ ఉన్న మనుషులు, చేతికి సరుకు అందే సులువు. కాకినాడ అమ్మాయీ, మీ తమ్ముడిని సాయంత్రం 5 నుంచి 8 వరకు ఎక్కడ కూర్చోబెట్టగలరో ఆలోచించండి. మీ నాన్నగారి లేత్ షాపు నాకు గుర్తొస్తోంది.

కాకినాడ అక్క (ఐదు వారాల తరువాత)

అడిగిన అందరికీ చెప్పాలి కాబట్టి రాస్తున్నాను.

వ్యాను మనిషిని రిజిస్ట్రేషన్ కాగితం అడిగాను. తెస్తానన్నాడు, మళ్లీ రాలేదు. నాన్నగారు నాతో రెండు రోజులు మాట్లాడలేదు. తరువాత తమ్ముడిని ఉదయం పూట, టీ ఇచ్చి, ఒకే ఒక్క మాట అడిగాను: నిద్ర పడుతోందా అని. పట్టడం లేదన్నాడు. నిద్ర కోసం డాక్టరు దగ్గరికి వెళ్దామా అన్నాను. వచ్చాడు. మత్తు మాన్పించడానికి అని ఉంటే వచ్చేవాడు కాదు.

ప్రభుత్వ ఆసుపత్రి మానసిక విభాగంలో చూపించాం. మాత్రలు నాలుగు నెలలుగా రోజూ వేసుకుంటున్నాడట. డాక్టరు ఒక్కసారిగా ఆపనివ్వలేదు, తగ్గించే లెక్క కాగితం మీద రాసిచ్చారు. అది అమ్మ కుట్టు మిషన్ పక్కన గోడకు అంటించాం. మాత్రలు నా దగ్గరే ఉంటాయి, ల్యాబుకు వెళ్లేటప్పుడు కూడా బ్యాగులో తీసుకెళ్తున్నాను. మూడో తరగతి సంగతులు చెప్పాను. ఏడీహెచ్‌డీ ఉందో లేదో ఇప్పుడే చెప్పలేమని, గంజాయి, మాత్రలు పూర్తిగా ఆగాక పరీక్ష చేస్తామని అన్నారు.

మొదటి పది రోజులు చాలా కష్టపడ్డాం. గంజాయి మానిన నాలుగో రాత్రి ఫ్యాను స్విచ్చుబోర్డు గుద్ది పగలగొట్టాడు. అమ్మ డబ్బు ఇవ్వబోయింది, నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఇద్దరం పక్కింటి పిన్నిగారి వరండాలో రాత్రి ఒంటిగంట దాకా కూర్చున్నాం. తిరిగి వచ్చేసరికి పగిలిన ముక్కలు ఊడ్చి ఒక కవరులో కట్టి పెట్టాడు. పన్నెండో రోజు రాత్రి తొమ్మిది గంటలు నిద్రపోయాడు.

కొట్టు ఆయన దగ్గరికి ముందు నేను ఒక్కదాన్నే వెళ్లాను. ఆయన ఎడమ చెవికి అప్పటి నుంచి సరిగా వినబడటం లేదని వాళ్ల కోడలు చెప్పింది. కాళ్లకింద నేల లేనట్టయింది. ఇంటికి వచ్చి తమ్ముడికి చెప్పాను. అన్నం కంచం ముందు అలాగే కూర్చుండిపోయాడు. ఇప్పుడు సాయంత్రాలు నాన్నగారితో లేత్ షాపులో ఉంటున్నాడు. నాన్నగారు వాడితో మాట్లాడరు, పని మాత్రం చూపిస్తారు. మొదటి వారం కూలిలో 340 తీసుకుని, నేను రాను అంటే వినకుండా నన్ను తోడు తీసుకుని వెళ్లాడు. ఆయన డబ్బు తీసుకుని లెక్కపెట్టుకున్నారు. "ఇక నా కొట్టు ముందు నిలబడకు" అన్నారు. అంతే. దారిలో తమ్ముడు ఏమీ మాట్లాడలేదు. చెవి డాక్టరు ఖర్చు కూడా ఇస్తానని వాళ్ల కోడలి ద్వారా చెప్పించాడు, ఇంకా జవాబు రాలేదు. అమ్మ 6,200లో 1,500 తిరిగి డబ్బాలో పడ్డాయి.

దసరా రోజు మళ్లీ తాగాడు. స్నేహితులు బండి మీద వచ్చి తీసుకెళ్లారు. మరునాడు తనే డాక్టరుకు చెప్పాడు. ఈ రోజుకు పదిహేడు రోజులు.

ఇప్పుడు ఒక్క ప్రశ్న మేస్త్రిగారికి. దీపావళి రాత్రికి అదే స్నేహితులు వస్తామని ఫోను చేశారు. మా పెద్దమ్మగారి ఊరు పిఠాపురం దగ్గర. రెండు రోజులు అక్కడికి తీసుకెళ్దామనుకుంటున్నాను. పారిపోవడం నేర్పినట్టు అవుతుందని నాన్నగారు అంటున్నారు. ఏం చేయమంటారు?

బోధన్ మేస్త్రి

తీసుకెళ్లండి అక్కా. నేను మూడేళ్లు దసరాకు మా ఊళ్లో లేను. ముందురోజే వెళ్లండి, సాయంత్రం బస్సు కాదు, ఉదయం బస్సు. మాత్రల కాగితం మరిచిపోవద్దు.